వెండెల్ బిగించిన బోల్టు

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి మేడమ్, పెట్టేస్తాను," అన్నాడు వెండెల్ క్రోగ్.

సోమవారం ఉదయం పదీ ఇరవై. బల్ల మీద నేరం ఒప్పుకుంటున్నట్టు టైపు చేసిన రెండు పేజీలున్నాయి. అవి టైపు చేసింది నేను కాదు. నాతోపాటు ఈ టామరాక్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో డిటెక్టివ్‌గా వెలగబెడుతున్న కర్ట్ బ్రాండ్‌వోల్డ్. ఒక్క ప్రశ్నయినా అడక్కుండా జవాబులన్నీ రాసిపెట్టిన ఘనుడు. అది చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

జరిగింది ఇది. ముగ్గురు స్నేహితులు శని, ఆదివారాలు లాస్ట్ మ్యూల్ కొండ మీద స్కీయింగ్‌కి వెళ్ళారు. ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవై రెండుకి, తిరిగొస్తూ కెట్ల్ కనుమ రోడ్డు రెండో మలుపులో వెండెల్ పికప్ ట్రక్కు రెయిలింగు విరగ్గొట్టుకుని లోయలోకి దూకింది. నడుపుతున్న రస్ టిబెట్స్ అక్కడికక్కడే పోయాడు. వెనక సీట్లో ఉన్న వెండెల్ భుజం ఎముక విరిగి బతికాడు. ఆ ట్రక్కు ముందు బ్రేకులు అంతకు ఎనిమిది రోజుల ముందు వెండెల్ తన ఇంటి ముందు తనే మార్చాడు. మధ్యాహ్నం మూడింటికి ఈ కాగితం ప్రాసిక్యూటర్ చేతికి చేరితే, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు వెండెల్‌కి పదేళ్ళ జైలు.

"సంతకం సంగతి తర్వాత. ముందు బ్రేకుల సంగతి చెప్పు. ఏమేం మార్చావు?"

"ముందు రెండు చక్రాలకీ బ్రేకు ప్యాడ్లని బిగించే కాలిపర్లు, వాటికి ఆయిల్ తెచ్చే గొట్టాలు, ప్యాడ్లు. అన్నీ కొత్తవే. పొద్దున తొమ్మిదికి జాకీ ఎత్తితే మూడున్నరకి అయిపోయింది. రస్ పెడలు తొక్కాడు, నేను కింద గొట్టాల్లోంచి గాలి తీశాను. లైల్ సాసేజీలు కాల్చాడు."

"లైల్ అంటే కలప మిల్లులో ఫోర్‌మన్, లైల్ ఓస్ట్రాండరేనా?"

"వాడే. ఇరవై ఏళ్ళుగా మా ముగ్గురిదీ ఇదే తంతు మేడమ్. ఒక శనివారం ఎవడి బండో ఒకటి విప్పడం, పై శనివారం కొండెక్కడం."

"గొట్టాన్ని కాలిపర్‌కి పట్టి ఉంచే బోల్టు ఎలా బిగించావు?"

"బిగువు సరిపోగానే టిక్కుమంటుందే, ఆ పానాతో. రెండుసార్లు టిక్కుమనిపించాను. తర్వాత పసుపు రంగు పెన్నుతో బోల్టు తల మీంచి కాలిపర్ మీదికి ఒక గీత గీశాను. మా నాన్న నేర్పిన అలవాటు. గీత పక్కకి తప్పితే బోల్టు కదిలిందన్నమాట." కళ్ళు తుడుచుకోడానికి ఒక్క చెయ్యే పనిచేస్తోంది. "గీశాననే అనుకుంటున్నాను. ఏమో, మర్చిపోయానేమో. బోల్టు వదులైంది, ఆయిలంతా కారిపోయిందని కర్ట్ గారు చెప్పారు. ఆయన అబద్ధం ఎందుకు చెప్తారు?"

"కర్ట్ గారి సంగతి నాకొదిలెయ్. బ్రేకులు మార్చాక ఎన్ని మైళ్ళు తిప్పావు?"

"వారమంతా పనికి వెళ్ళొచ్చాను. శుక్రవారం కొండ మీదికి నలభై మైళ్ళు. శనివారం సాయంత్రం బీరూ, బ్రెడ్డూ అయిపోతే కిందున్న కొట్టుకి దిగి మళ్ళీ ఎక్కాను."

నేను పెన్ను కింద పెట్టాను. "ఏ దారిన దిగావు?"

"ఇంకే దారుంది మేడమ్? ఆ వాలే. ఆ రెండో మలుపే."

"బ్రేకులు?"

"పాదం ఆనిస్తే చాలు, పట్టేశాయి."

శనివారం సాయంత్రం అదే వాలు మీద పట్టిన బ్రేకులు ఆదివారం సాయంత్రానికి నేల దాకా దిగిపోయాయి. మధ్యలో ట్రక్కు కదల్లేదు. స్కీ మైదానం పార్కింగ్‌లోనే ఉంది. ఈ మాట ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అడిగితే కదా ఉండేది!

"తాళంచెవి ఎక్కడ పెట్టావు?"

వెండెల్ నావైపు వింతగా చూశాడు. నేనూ ఉత్తర ఐడహోలో పుట్టి పెరిగినదాన్నే, అడగాల్సిన ప్రశ్న కాదది. "అందరూ పెట్టేచోటే. పెట్రోలు మూత వెనక. జేబులో పెట్టుకుని జారితే మంచులో పడుతుంది, మళ్ళీ జూన్‌లోగానీ దొరకదు."

"ఆదివారం రస్ ఎందుకు నడిపాడు?"

"రెండింటికి నా మోకాలు మడతపడింది. లేకపోతే నా బండి నేనెవరికీ ఇవ్వను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి." "వాడి ఖర్మ కాలి మొదటిసారి నా బండి ఎక్కి కూర్చున్నాడు."

"బ్రేకులు మార్చేటప్పుడు గొడవలేమైనా అయ్యాయా?"

"గొడవ కాదు. నేనే ఒక మాటన్నాను. రేపు మంగళవారం మా మిల్లులో జరిగిన ప్రమాదం మీద విచారణ ఉందికదా. రంపానికి అడ్డుండే ఇనప కవచం తీసేస్తే మాతో పనిచేసే హెక్టర్ బరేలా చచ్చిపోయాడు, తీసిందెవరో నేను చూశాను. అది రేపు చెప్తానన్నాను. తీసినవాడు ముందే తనంతట తను చెప్పుకుంటే మర్యాదగా ఉంటుందన్నాను."

"ఎవరు తీశారు?"

"పేరు రేపు ప్రమాణం చేసి చెప్తాను మేడమ్. ఇవాళ చెప్తే చాడీ అవుతుంది."

నేను రెట్టించలేదు. నా బుర్ర నిండా బోల్టే ఉంది. ఆ పేరు అప్పుడే కక్కించి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది.

* * *

బయట వసారాలో బెంచీ మీద లైల్ ఓస్ట్రాండర్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో వేడి సూప్ ఫ్లాస్కు, కాగితంలో చుట్టిన రెండు శాండ్‌విచ్‌లు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి. మేమిద్దరం ఒకే బళ్ళో చదువుకున్నాం.

"డెల్లా, వాడు నిన్నట్నుంచి ఏమీ తినలేదట. ఇది లోపలికి పంపిస్తావా?" అన్నాడు. అంతలోనే గొంతు పెంచాడు. "అసలిదేం అన్యాయం? ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాం, రెండోవాణ్ణి మీరు జైల్లో తోస్తారా? ఆ కర్ట్ మొహం చూడు, పెళ్ళికొచ్చినట్టు నవ్వుతున్నాడు!"

"నీ బండి వేరా, లైల్?"

"వేరే. నాకు సోమవారం తెల్లవారు షిఫ్టు. ఆదివారం మూడింటికే దిగిపోయాను. కలిసి వచ్చుంటే నేనే నడిపేవాణ్ణి." మొహం చేతుల్లో దాచుకున్నాడు.

నేను అతని భుజం తట్టాను. దేవుడి మీద ఒట్టు, నిజంగానే తట్టాను.

* * *

పదకొండూ నలభైకి యార్డుకి వెళ్ళాను. ట్రక్కుని లోయలోంచి లాగి అక్కడ పడేశారు. ముందు భాగం నుజ్జయింది కానీ చక్రాలు నిలిచాయి. బ్రాండ్‌వోల్డ్ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని ముందే సిద్ధంగా ఉన్నాడు.

"వచ్చావా? నీకోసం ఏమీ ముట్టుకోలేదు," అన్నాడు.

"నువ్వెప్పుడు ముట్టుకున్నావు గనక?"

ముందుగా ట్రక్కులో ఉన్న సామానంతా రాసుకున్నాను. పార, రెండు ఇసుక బస్తాలు, బ్యాటరీ వైర్లు, తాడు, మూడు జతల స్కీలు పెట్టుకునే చట్రం, అందులో రెండు జతలే. టైర్లు నాలుగూ ఇనప మేకులు గుచ్చిన మంచు టైర్లు, కొత్తవి. తర్వాత తాళంచెవి పెట్టి, బోల్టు అందేలా స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పించి, ఎడమ ముందు చక్రం వెనక మంచు బురదలోనే వెల్లకిలా పడుకుని టార్చి వేశాను.

పసుపు గీత ఉంది. మర్చిపోలేదు వెండెల్. కాలిపర్ మీది సగం ఒకచోట, బోల్టు తల మీది సగం ఇంకోచోట. బోల్టు ముప్పావు చుట్టు వెనక్కి తిరిగింది.

"చూశావుగా, గీత తప్పింది," అన్నాడు బ్రాండ్‌వోల్డ్ పైనుంచి. "సరిగ్గా బిగించలేదు, కుదుపులకి వదులైంది. వారం వారం ఇంటి ముందు బండి విప్పుకుని కూర్చునే ప్రతివాడూ తను మెకానిక్‌ననే అనుకుంటాడు. షెడ్డుకిచ్చి చేయించుకుని ఉంటే ఒక మనిషి బతికేవాడు."

"కుడి చక్రం చూశావా?"

"ఎందుకు?"

"అదే మనిషి, అదే రోజు, అదే పానాతో బిగించాడు గనక! ఆ గీత వెంట్రుకంత కూడా తప్పలేదు. కుదుపులు ఎడమవైపే వచ్చాయా నీ రోడ్డు మీద?"

"డెల్లా, అరవకు."

"అరుస్తాను. ఇలా వంగి చూడు. నడుం విరగదులే. బోల్టు తల అంచుల్ని చూడు. రెండు అంచుల మీద పసుపు రంగు గీరుకుపోయి ఇనుము మెరుస్తోంది. బిగించాకే కదా రంగు పూసేది? రంగు పూశాక మళ్ళీ పానా పడకపోతే ఈ గీరుడు ఎక్కణ్ణుంచి వచ్చింది? కుదుపు పానా పట్టుకుని వచ్చిందా?"

అతను వంగాడు. చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైందని మెడ ఎర్రబడ్డంలోనే తెలిసింది.

"అతనే మళ్ళీ బిగించబోయి వదులు చేశాడేమో," అన్నాడు చివరికి.

"అలాగైతే శనివారం సాయంత్రం అదే వాలు మీద దిగి కొట్టుకెళ్ళొచ్చేవాడు కాదు. ఆ విషయం అడిగావా? లేదు. స్కీ మైదానానికి వెళ్ళి పార్కింగ్ చూశావా? లేదు. బ్రేకు తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఆయిల్ కారేలా ఎవడో కొలిచి విప్పాడు. నాలుగూ అయిదుకి బయల్దేరారు, వాలు మీద పదిహేడు నిమిషాలకి పెడలు నేలకంటుకుంది. వెనక బ్రేకులొక్కటే ఆ వాలు మీద బండిని ఆపలేవు. ఇది నిర్లక్ష్యం కాదు కర్ట్, హత్య. నువ్వు హంతకుణ్ణి వదిలేసి, ఏడుస్తున్నవాడి చేతికి పెన్నిచ్చావు!"

"ఆ మనిషి తనే ఒప్పుకుంటున్నాడు!"

"స్నేహితుడు పోయినవాడు ఏదైనా ఒప్పుకుంటాడు. రేపు వాన పడితే అది కూడా నా తప్పేనంటాడు. అంతమాత్రాన రాసేసుకుంటామా?"

ప్రాసిక్యూటర్‌కి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, బోల్టు ప్రయోగశాలకి పంపమంది. వెండెల్‌ని అప్పటిదాకా వదిలేయవచ్చు, కాని ఫలితం వచ్చేవరకు బోల్టు సంగతి బయట ఎవరికీ, వెండెల్‌కి కూడా, చెప్పవద్దంది. ఒంటి చేత్తో ఉన్నవాడు గనక ఎవరో ఒకరు పూచీగా తీసుకెళ్ళాలి.

ఒంటిగంటా పదికి పూచీ కాగితం మీద లైల్ సంతకం చేశాడు. విడుదల కాగితం మీద నేను చేశాను. లైల్ తన కోటు తీసి వెండెల్‌కి కప్పి, చెయ్యిపట్టి మెట్లు దింపుకుంటూ తీసుకెళ్ళాడు. వెండెల్ వెనక్కి తిరిగి, "నన్నెందుకు వదిలారు మేడమ్? నేను ఒప్పుకున్నానుగా," అన్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగాను.

* * *

లాస్ట్ మ్యూల్ పార్కింగ్‌కి చేరేసరికి రెండూ నలభై. దారిలో రెండో మలుపు దాటాను. విరిగిన రెయిలింగుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది, మనిషన్నవాడు లేడు.

రస్‌ని చంపాల్సినంత పగ ఎవరికుందా అని దారి పొడుగునా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఎవరికీ లేదు. రస్ బడిపిల్లలకి భోజనం వండే మనిషి. అతని మీద కోపం వచ్చినవాళ్ళెవరైనా ఉంటే అది బీన్స్ తినని పిల్లలకే.

పార్కింగ్ చూసుకునే ఎల్వా మెక్‌ఫీ నారింజరంగు కోటులో, చేతిలో జెండాతో ఎదురొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటోంది.

"వచ్చావా అమ్మాయ్! ఎవరో ఒకరు వస్తారని నిన్నట్నుంచి చూస్తున్నా. మీవాళ్ళకి బళ్ళు లేవా, కాళ్ళు లేవా?"

"బుద్ధి లేదు," అన్నాను. "వెండెల్ ట్రక్కు దగ్గర ఆదివారం ఎవరినైనా చూశావా?"

"చూడకేం? పన్నెండూ నలభైకి. నేను సూప్ తాగేది అప్పుడే. మూడో వరసలో ఆ ట్రక్కు ముందు చక్రాలు ఒక పక్కకి తిరిగున్నాయి. ఎడమ చక్రం వెనక ఒకడు పడుకున్నాడు. ఇక్కడ చక్రం పక్కన పడుకున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరమ్మాయ్, మంచులో జారకుండా టైర్లకి గొలుసులు కట్టుకుంటున్నాడనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, సాయం కావాలా అని అరిచాను. అక్కర్లేదు, గొలుసులు కడుతున్నానన్నాడు."

"గొలుసులా? ఆదివారం ఎండ కాసిందిగా?"

"అదే నేనూ అన్నా! ఫెళఫెళా ఎండ. రోడ్డు నల్లగా ఎండిపోయి ఉంది. పైగా మేకుల టైర్లాయె. మేకుల టైర్లకి ఎండలో గొలుసులేమిటయ్యా, కింది ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ బుద్ధి నీకూ పట్టిందా, అని ఎగతాళి చేశాను. వెండెల్ కట్టమన్నాడన్నాడు."

నా నోట్సులో సామాను జాబితా తెరిచాను. పార, ఇసుక బస్తాలు, వైర్లు, తాడు. ఆ ట్రక్కులో గొలుసులే లేవు.

"ఎవరతను? మొహం చూశావా?"

"మొహం ఎందుకు, బూట్లు చాలు. మామూలు స్కీ బూట్లేసుకుని మోకాళ్ళ మీద కూర్చోగలవా నువ్వు? కొయ్యకాళ్ళలా బిగుసుకుపోతాయి. ఇతను వేళ్ళు వంచి, మడమలెత్తి, చర్చిలో మోకరిల్లినట్టు కూర్చుని లేచాడు. మడమ కట్టకుండా జారే పాతకాలం పద్ధతి వాళ్ళ బూట్లవి. ఆ ముగ్గురిలో అలా జారేది ఒక్కడే, ఇరవై ఏళ్ళనుంచి చూస్తున్నా. ఆ మిల్లు ఫోర్‌మన్. లైల్."

నేను నోట్సు మూసేశాను.

తప్పు ప్రశ్న వేసుకున్నానని అప్పుడు తెలిసింది. రస్ మీద పగ ఎవరికని వెతికాను. పన్నెండూ నలభైకి వెండెల్ మోకాలు బాగానే ఉంది. తన బండి ఇంకొకరికి ఇవ్వని మనిషి, ఆ సాయంత్రం స్టీరింగు ముందు కూర్చోవాల్సిన మనిషి వెండెల్. రంపం కవచం తీయించగల అధికారం మిల్లులో ఎవరికుంది? ఫోర్‌మన్‌కి. మంగళవారం చెప్తానన్న పేరు లైల్‌ది. చెప్పకుండా పోతాడనుకున్న మనిషి బతికాడు, పోనీ దోషిగా జైలుకెళ్ళినా లైల్‌కి పనికొచ్చేది. తన బోల్టు తను బిగించుకోలేనివాడు రంపం కవచం గురించి చెప్తే ఎవరు నమ్ముతారు? ఆ దారి కూడా నేనే మూసేశాను. మూసి, ఆ మనిషిని తీసుకెళ్ళి అతని చేతిలోనే పెట్టాను. ఛీ, నా తెలివి తగలెయ్య!

కారుదాకా పరిగెత్తుతూనే ఆఫీసుకి ఫోన్ చేశాను. బ్రాండ్‌వోల్డ్ ఎత్తాడు.

"లైల్ ఓస్ట్రాండర్ ఇంటికి బండి పంపు. వెంటనే. రంపం కవచం తీసింది అతనే, బోల్టు విప్పింది అతనే."

ఎత్తిపొడుస్తాడనుకున్నాను. "పంపుతాను," అన్నాడంతే. తర్వాత, "తప్పు నీ ఒక్కదానిదే కాదు, విడుదల మీద సంతకం ఇద్దరం పెట్టాల్సింది," అన్నాడు నెమ్మదిగా.

వెండెల్ నంబరుకి చేశాను. మూడూ అయిదు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చాలాసేపు మోగాక పలికాడు.

"మేడమ్?" వెనక గాలి హోరు.

"ఎక్కడున్నావు?"

"రెండో మలుపు దగ్గర. ఇప్పుడే వచ్చాం. రస్ పోయినచోట నిలబడి ఒక్కసారి క్షమించమని అడిగితే మనసు తేలికవుతుందని లైల్ అన్నాడు. రెయిలింగు విరిగినచోటే ఉన్నాను మేడమ్. ఎంత లోతో!"

నేరం నాదే, సంతకం పెడతానని ఈ పొద్దున్నే పోలీసుల ముందు బతిమాలిన మనిషి. ఆ రెయిలింగు దగ్గర్నుంచి పడిపోతే ఎవరు అనుమానిస్తారు? పశ్చాత్తాపంతో దూకేశాడని ఊరు ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది. రెండు పేజీల్లో టైపు చేసి ఫైలు మూసేస్తారు.

"వెండెల్, రోడ్డు మీదికొచ్చెయ్. ఏమీ అడక్కు, నడువు. నేను కొండపైన ఆరు మైళ్ళ దూరంలో ఉన్నాను, వస్తున్నాను."

"ఎందుకు మేడమ్ అంత కష్టం? నాలాంటివాడు ఎక్కడ నిలబడితే ఏం? రస్‌ని చంపుకున్నవాణ్ణి..."

అక్కడ నోరు మూసుకోవలసింది. ఏదో వంకపెట్టి అతన్ని రోడ్డు మీదికి రప్పించి ఊరుకోవలసింది. కాని పొద్దుట్నుంచి ఆ మాట విని విని నాలో ఏదో తెగిపోయింది.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే ఊరుకోను!" అని అరిచాను. "నువ్వెవర్నీ చంపలేదు. నువ్వు బిగించిన బోల్టు శుభ్రంగా బిగించావు. గీత కూడా మర్చిపోకుండా గీశావు. దాన్ని ఎవడో పానా పెట్టి విప్పాడు. ఆదివారం పన్నెండూ నలభైకి. చూసిన మనిషి ఇక్కడే, పార్కింగ్‌లోనే ఉంది!"

గాలి హోరులో ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవడం వినిపించింది.

"నిజంగానా మేడమ్? నేను కాదా? నిజంగా నేను కాదా?" ఏడుపులోనే నవ్వాడు. "విన్నావురా? నేను కాదంటరా! మేడమ్, నాకు పనిచేసేది ఒక్క చెయ్యేనని ఫోను వాడే పట్టుకున్నాడు, స్పీకర్‌లో పెట్టి. వాడూ అంతా విన్నాడు. ఎవరు విప్పారో కూడా చెప్పండి, మా ఇద్దరికీ చెప్పండి!"

నేను కారు తలుపు తీశాను. ఫోనులో గులకరాళ్ళ మీద ఒక అడుగు పడిన చప్పుడైంది, తర్వాత ఇంకో అడుగు.

"చెప్పు డెల్లా," అన్నాడు లైల్, చాలా మర్యాదగా. "వింటున్నాం."